మధ్యలో ఎవరూ లేరు

ముందు మంచు కూలిపోయింది. వెనక మంచు కూలడానికి సిద్ధంగా ఉంది. రెంటికీ మధ్య ఉలార్ కనుమ మీద, రోడ్డు పోస్టులో, అరవై మంది మనుషులం, ఒక పొయ్యి, ఒక కంప్యూటరు. నేను ఆ కంప్యూటరు కోసం వచ్చినదాన్ని. రెండు గంటల పని అని చెప్పి రాజధాని బిష్కెక్ నుంచి పిలిపించారు. ఆ రెండు గంటలు మొదలై అప్పటికి రెండు రోజులైంది.

మా అమ్మ పోయి ముప్ఫై తొమ్మిది రోజులు. మర్నాడు నలభయ్యో రోజు. సొకూలుక్‌లో మా ఇంటి ముందు గుడారం వేస్తూ ఉంటారు. గుర్రాన్ని కోసి వండుతారు, వీధి వీధంతా వస్తుంది. పెద్దకూతుర్ని నేను. నల్లబట్టలు కట్టుకుని గుడారంలో కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషినీ పట్టుకుని గొంతెత్తి ఏడవాల్సింది నేను. మా చెల్లెలు జిబెక్‌కి ఏడవడం బాగానే వచ్చు గానీ పెద్దకూతురు ఏదీ అని అడిగితే ఏం చెబుతుంది? ఫోను టవరు మొదటి రోజు గాలికే పడిపోయింది. రాలేకపోతున్నానని చెప్పుకునే దారి కూడా లేదు.

పోస్టంటే రెండు గదులు. పెద్దగదిలో డ్రైవర్లు, ప్రయాణికులు, తడి మేజోళ్ల కంపు. చిన్నగదిలో రేడియో, కంప్యూటరు, పోస్టు అధికారి షార్షెన్ బైకే. వయసులో పెద్ద మగవాళ్లని మేం బైకే అనీ, ఆడవాళ్లని ఎజే అనీ పిలుస్తాం. ఇటు అడుగేస్తే ఎవరి కాలో తొక్కాలి, అటు అడుగేస్తే ఎవరి సంచో తన్నాలి. కిటికీ సగం దాకా మంచు పేరుకుంది. తలుపు తీయాలంటే ఇద్దరు భుజాలు వేసి తోయాలి. నాకు మామూలుగానే మనుషులంటే ఓపిక తక్కువ. రెండో రోజుకి ఎవరు దగ్గినా తల తిప్పి చూస్తున్నాను.

బయటపడే దారి ఒకటే ఉంది, అదీ మెలికలు తిరిగి ఉంది. బిష్కెక్ వైపు రోడ్డు మీద కూలిన మంచును తవ్వి తీయాలి. తవ్వే యంత్రాలన్నీ దక్షిణాన కింది గేటు దగ్గర ఉన్నాయి. కింది గేటుకీ మా పై గేటుకీ మధ్య ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. ఆ మధ్య కొండవాలు మీద మంచు వేలాడుతోంది. దాన్ని ఫిరంగితో కొట్టి ముందుగానే దించేస్తే, యంత్రాలు దాన్ని తోసుకుంటూ పైకొస్తాయి, మా దారీ తీస్తాయి. ఫిరంగి పేలాలంటే రెండు గేట్ల మధ్య ఒక్క బండి కూడా ఉండకూడదు.

ఉందో లేదో తేల్చడానికి ఇదివరకు ఒక పద్ధతి ఉండేది. కింది గేటులో కాపలా ఉండే నాజీరా తను లోపలికి వదిలిన బండి నంబర్లు ఒక్కొక్కటే రేడియోలో చదివేది. పైన షార్షెన్ బైకే తన జాబితాలో వెతికి, వచ్చింది, వచ్చింది అని టిక్కు పెట్టేవాడు. గంట పైనే పట్టేది. ఈ కొండల్లో ఆకాశం గంటసేపు తెరిచి ఉండటమే గొప్ప. పోయిన శీతాకాలం టిక్కులు పెడుతూ ఉండగానే రెండుసార్లు మబ్బు మూసేసింది. అందుకని రోడ్ల ఆఫీసువాళ్లు నన్ను పట్టుకున్నారు. రేడియో మీదుగా వచ్చే కింది గేటు ఫైలునీ పై గేటు ఫైలునీ పోల్చి, లోపలికెళ్లి బయటికి రాని బళ్లు ఏవో ఒక్క క్షణంలో చెప్పేలా ఒకే ఒక్క వరస ఆదేశం రాసిచ్చాను. బిష్కెక్‌లో నా ల్యాప్‌టాప్ మీద అది పాత ఫైళ్లతో పదిసార్లు నడిచింది, పదిసార్లూ ఒప్పే చెప్పింది. దాన్ని కాగితం మీద రాసి ఇక్కడి కంప్యూటరుకి అంటించాను. వచ్చిన రోజు, రోడ్డు నిజంగానే ఖాళీగా ఉన్నప్పుడు, షార్షెన్ బైకే ముందు రెండుసార్లు కొట్టి చూపించాను. రెండుసార్లూ తెర మీద ఏమీ రాలేదు.

"ఏమీ రాలేదేంటి?" అన్నాడాయన.

"ఏమీ రాకపోతే ఎవరూ లేరని అర్థం బైకే. మా పనిముట్లు అంతే. చెప్పేదేమీ లేకపోతే నోరు మూసుకుంటాయి."

"మంచి గుణమే. మా ఇంట్లోకి ఒకటి పంపించు" అన్నాడు.

ఆ రెండో రోజు పొద్దున్న పది దాటాక ఆకాశం తెరుచుకుంది. అంత నీలాన్ని చూసి పెద్దగదిలో జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎదుటి కొండ మీద ఫిరంగి దళం నుంచి రేడియోలో పిలుపొచ్చింది. పదకొండింటికి కొట్టగలం, పన్నెండు లోపల మళ్లీ మూసుకుంటుంది, మధ్యలో ఎవరైనా ఉన్నారా? షార్షెన్ బైకే నా వైపు చూశాడు. నేను కాగితం చూసుకుంటూ వరస కొట్టాను. తెర మీద ఏమీ రాలేదు.

"ఎవరూ లేరు బైకే."

"చూసుకున్నావా?"

"చూసుకునేది నేను కాదు, అది. లేరు."

నాకు ఆ సున్నా కావాలి. దాచుకోను, ఎంత కావాలో చెప్పలేను. పదకొండింటికి ఫిరంగి, సాయంత్రానికి యంత్రాలు, తెల్లారేసరికి సొకూలుక్, అమ్మ గుడారం. తెర ఖాళీగా కనబడగానే నా ప్రాణం ఎగిరి గంతేసింది.

ఆయన రేడియో మైకు నా చేతికిచ్చాడు. కనుమ మీద అదొక ఆచారం. సున్నా ఎవరు తేల్చారో వాళ్లే తమ నోటితో మూడుసార్లు చెప్పాలి. ఆ మాట ఫిరంగి దళానికే కాదు, రోడ్డు పొడుగునా ప్రతి బండిలోని రేడియోలోనూ వినబడుతుంది. పొరపాటున ఎవరైనా మిగిలిపోతే ఎదురు పలుకుతారని. నేను మైకు నొక్కి, "కింది గేటు, పై గేటు, మధ్యలో ఎవరూ లేరు" అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కాస్త ఆగి విన్నాం. గరగర తప్ప ఏమీ లేదు.

పెద్దగదిలో చప్పట్లు కొట్టారు. ఎర్మెక్ అని ఓష్ నుంచి సిమెంటు వేసుకొచ్చిన లారీ డ్రైవరు ఉన్నాడు, నోరు పెద్దది. వాడు వచ్చి గుమ్మంలోంచి తల పెట్టాడు.

"బెగాయిమ్ ఎజే, నీ చేతులకి దండం పెట్టాలి. నేను మా ఆవిడ మొహం మర్చిపోయేలోపు పంపిస్తున్నావు."

"ఆవిడకి ఆ అదృష్టం పోగొట్టినందుకు నన్ను తిట్టుకుంటుంది, ఫో" అన్నాను. ఆ క్షణాన వాడి మీద కూడా నాకు ప్రేమ పుట్టింది.

సొనూన్ ఎజే వంటమనిషి. వాడి వెనకాలే వచ్చింది, చేతులకి పిండి.

"పిండి ఒక్క పూటకే ఉంది తల్లీ. బండికి రెండు రొట్టెలు చొప్పున పంచుతా. నిన్న పైకొచ్చిన బళ్లు ఎన్నో నీ డబ్బాని అడిగి చెప్పు. వీళ్లని అడిగితే ఒక్కో బండి రెండు బళ్లవుతుంది."

అదెంత పని? నా ఆదేశంలో మొదటి సగం అదే. ఫైలులోంచి బండి నంబర్లు ఏరి పెట్టడం. ఆ సగం మాత్రం కొట్టాను. తెర మీద ఏమీ రాలేదు.

తప్పు కొట్టానేమో అనుకుని మళ్లీ కొట్టాను. ఏమీ రాలేదు.

గుమ్మం అవతల అరవై మంది ఉన్నారు. దగ్గుతున్నారు, నవ్వుతున్నారు, సంచులు సర్దుకుంటున్నారు. వాళ్లెవరూ ఈ కనుమ ఎక్కి రాలేదని అంటోంది నా కంప్యూటరు. నిన్న పొద్దున్నించి ఒక్క బండి కూడా ఏ గేటూ దాటలేదని అంటోంది. లోపలికెళ్లినవి ఏమీ లేవు, బయటికొచ్చినవి ఏమీ లేవు, ఏమీ లేనిదాంట్లోంచి ఏమీ లేనిది తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. నేను మైకులో మూడుసార్లు చెప్పింది అదన్నమాట.

"ఏమైందే? ఎన్ని రొట్టెలు?" అంది సొనూన్ ఎజే.

"ఆగు ఎజే. కాసేపాగు."

గోడ గడియారంలో పది ముప్ఫై ఐదు.

ఎందుకిలా అయిందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు, సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు. గేటు కాపలావాళ్లు ఒకే ఫైలులో అన్నీ రాస్తారు. బండి నంబర్లు, గాలి వేగం, ఎవరు టీ తాగారు, ఏ మలుపులో నక్క కనబడింది. నాజీరా అయితే నక్క తన వైపు ఎలా చూసిందో కూడా రాస్తుంది. ఆ గొడవలోంచి నంబర్లను మాత్రమే ఏరడానికి గ్రెప్ అనే పనిముట్టు ఉంది. రెండంకెలు, దేశం గుర్తు, మూడంకెలు, మూడక్షరాలు, లేదా పాతకాలం నంబరైతే ఒక అక్షరం, నాలుగంకెలు, మళ్లీ అక్షరాలు అని కొన్ని గుర్తులతో నమూనా రాసిస్తే ఏరి పెడుతుంది. చిక్కంతా ఆ గుర్తుల దగ్గరే. నిలువు గీత పెడితే ఒకచోట 'లేదా' అని అర్థం, ఇంకోచోట అది ఉత్త గీత. ప్లస్సు పెడితే ఒకచోట 'ఒకటో, ఇంకా ఎక్కువో' అని అర్థం, ఇంకోచోట అది ఉత్త ప్లస్సు. ఒకే పేరున్న పనిముట్టు కూడా ఈ యంత్రం మీద ఒకలా, ఆ యంత్రం మీద ఒకలా చదువుతుంది. ఎవరి అత్తగారింట్లో ఏ పద్ధతో కొత్తకోడలు గుర్తుపెట్టుకున్నట్టు అన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఏళ్లుగా అదే నా వృత్తి.

నేనేం చేశానంటే, పదేళ్ల కిందట నా ల్యాప్‌టాప్‌లో గ్రెప్‌కి ఒక ముద్దుపేరు పెట్టుకున్నాను. నేను గ్రెప్ అని కొడితే అది తనలో తాను 'అన్ని గుర్తులూ తెలిసిన గ్రెప్' అని చదువుకుంటుంది. ప్రతిసారీ ఒక గీతా ఒక అక్షరమూ ఎక్కువ కొట్టాలన్న బద్ధకం కొద్దీ చేసిన పని. పెట్టానన్న సంగతే మర్చిపోయాను. ఇక్కడి కంప్యూటరు ముసలిది, దాంట్లోని పనిముట్లు కత్తిరించిన పొట్టివి. దానికి నా ముద్దుపేర్లు ఏం తెలుస్తాయి? నేనిచ్చిన గుర్తుల్ని ఉత్త గీతలుగా, ఉత్త ప్లస్సులుగా చదువుకుని, అలాంటివేవీ ఈ ఫైలులో లేవమ్మా అని మర్యాదగా నోరు మూసుకుంది. రోడ్డు ఖాళీగా ఉన్న రోజు నేను పరీక్ష చేసి మురిసిపోయింది కూడా ఈ మూగతనాన్ని చూసే.

ఆ గీతా అక్షరమూ తగిలించి కొట్టాను. అలాంటిది నాకు తెలియదు అని జవాబొచ్చింది. దీనికి ఆ రకం గ్రెప్పే లేదు. దానికి తెలిసిన ఇంకో రకం ఉంది, కొంచెం చదువుకున్నది. అది తగిలించాను. మళ్లీ ఏమీ రాలేదు. అంకె అని చెప్పడానికి నేను వాడిన గుర్తు దీనికి తెలియదు. పది నలభై రెండు. అంకె గుర్తు ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి సున్నా నుంచి తొమ్మిది దాకా అని విడమరిచి రాశాను. కొట్టాను.

నంబర్లొచ్చాయి. తెర నిండా, కిందికి కిందికి జారుకుంటూ. ఆనందంతో నాకు కళ్లు తిరిగాయి. మొత్తం ఆదేశం నడిపాను.

మధ్యలో ముప్ఫై ఆరు బళ్లున్నాయని చెప్పింది.

నిన్న కింది గేటు దాటినవి మొత్తం ముప్ఫై ఆరే. అంటే అన్నీ మధ్యలోనే ఉన్నాయి. ఎర్మెక్ సిమెంటు లారీతో సహా. వాడు గుమ్మం అవతల నిలబడి జోకులు చెబుతున్నాడు. ఇప్పుడు రెండో పనిముట్టు మొరాయించింది. సెడ్ అని, నంబరు ముందున్న గంటా నిమిషాలూ కోసేసి పారేయాల్సినది. దానికీ నేను ముద్దుపేరు పెట్టుకున్నాను మహాతల్లిని. బ్రాకెట్లంటే గ్రెప్‌కి ఇప్పుడు అర్థమవుతున్నాయి, దీనికి అర్థం కావడం లేదు. గంటా నిమిషాలూ కొయ్యలేదు కాబట్టి కింద పది గంటలకు ఎక్కిన బండీ, పైన పదకొండున్నరకు చేరిన అదే బండీ దీని లెక్కలో వేరువేరు బళ్లు. బ్రాకెట్ల ముందు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాను. మళ్లీ ముప్ఫై ఆరు. ప్లస్సు ముందు పెట్టడం మర్చిపోయాను.

పది యాభై. రేడియోలో ఫిరంగి దళం వాడు, "పది నిమిషాలు" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన ఆలోచన కూడా చెప్పేయాలి. చెప్పకపోతే ఇదంతా రాయడం ఎందుకు? మధ్యలో ఎవరూ ఉండరనుకున్నాను. ఏ మంచుతుఫానుకీ ఎవరూ చిక్కుకోకుండా షార్షెన్ బైకే నిన్న మధ్యాహ్నమే కింది గేటు మూయించాడు. అన్ని బళ్లూ వచ్చేసే ఉంటాయి. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు వచ్చేసే ఉంటాయి. నేనిప్పుడు పది నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, నా పనిముట్ల లాగే. ఫిరంగి పేలుతుంది, దారి వస్తుంది, అమ్మ నలభయ్యో రోజుకి వెళతాను. నోరు తెరిస్తే ఇంతమంది ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆకాశం మూసుకుంటుంది, ఈ అరవై మందీ నన్ను పచ్చిగా నమిలేస్తారు, అమ్మ దగ్గరికి వెళ్లలేను. ఇలా ఒక పూర్తి నిమిషం కూర్చున్నాను. గడియారం ముల్లు కదిలింది కాబట్టి నాకు తెలుసు.

"బైకే, ఆపండి" అన్నాను.

"ఏంటి ఆపేది?"

"ఫిరంగి."

షార్షెన్ బైకే చేతిలో టీ గిన్నె మెల్లగా కింద పెట్టాడు. "మధ్యలో ఎవరైనా ఉన్నారా?"

"తెలీదు."

"ఇందాక లేరన్నావుగా?"

"ఇందాకా తెలీదు. తెలుసనుకున్నా."

"ఇప్పుడేమంటోంది అది?"

"ముప్ఫై ఆరు బళ్లున్నాయంటోంది."

ఆయన తెర వంక చూశాడు, నా వంక చూశాడు. "సున్నా, లేకపోతే ముప్ఫై ఆరు. మధ్యలో ఇంకేమీ రాదా దానికి?"

గుమ్మంలో జనం మూగారు. ఎర్మెక్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "బైకే, ఆ ముప్ఫై ఆరులో నేనూ ఉన్నానంట. నేను మధ్యలో ఉన్నానా, ఇక్కడున్నానా? గిల్లి చూడండి ఎవరన్నా!" తరవాత వాడి గొంతు మారింది. "ఏయ్ ఎజే, ఆకాశం చూశావా? రేపు ఇలా ఉంటుందని రాసిస్తావా? నువ్వు ఆడుకోవడానికి మేం దొరికామా?"

"పిల్లలున్నారిక్కడ" అని ఎవరో అరిచారు. "పిండి అయిపోతోంది!" "పట్నం నుంచి వచ్చి మా నెత్తినెక్కారు!" "ఎవరూ లేరు, కొట్టమనండి!" వెనకనుంచి తోసుకొస్తున్నారు. చిన్నగదిలో ఊపిరాడటం లేదు. నా కుర్చీ గోడకి ఆనుకుపోయింది. ఇంక వెనక్కి జరగడానికి చోటు లేదు.

షార్షెన్ బైకే చెయ్యెత్తాడు. గొడవ కొంచెం తగ్గింది. రేడియో వైపు చూసి, నాతో చాలా మెల్లగా అన్నాడు: "నేను చెప్తే వాళ్లు ఆపరు తల్లీ. సున్నా చెప్పిన గొంతే వెనక్కి తీసుకోవాలి. ఎవడు పడితే వాడు ఆపమంటే ఆపకూడదని పెట్టిన కట్టు ఇది. నువ్వే చెప్పాలి. గట్టిగా చెప్పు."

మైకు తీసుకున్నాను. బొత్తాం గట్టిగా నొక్కాను.

"పై గేటు మాట్లాడుతోంది. ఇందాక చెప్పిన సున్నా వెనక్కి తీసుకుంటున్నా. కొట్టకండి. మధ్యలో ఎవరున్నారో నాకు తెలీదు."

"మళ్లీ చెప్పండి" అన్నాడు ఫిరంగి దళం వాడు. గొంతులో చిరాకు.

"నాకు తెలీదు. మధ్యలో ఎవరున్నారో నాకు తెలీదు."

మూడుసార్లూ చెప్పాను. అరవై మంది చూస్తూ ఉండగా, నా జీవితంలో ఏ తప్పూ అంత బిగ్గరగా ఒప్పుకోలేదు.

ఆ తర్వాత పాత పద్ధతే. కంప్యూటరు తెరను గోడవైపు తిప్పేశాడు షార్షెన్ బైకే. కింద నాజీరా తన ఫైలును కళ్లతో చూసి చదువుతోంది, పైన నేను షార్షెన్ బైకే చేత్తో రాసుకున్న జాబితాలో వెతికి టిక్కు పెడుతున్నాను. పదకొండున్నరకి కిటికీ తెల్లబడింది. పన్నెండుకి ఎదుటి కొండ కనబడలేదు. పెద్దగదిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. సొనూన్ ఎజే ఒక్కతే వచ్చి నా ముందు టీ పెట్టి వెళ్లింది.

పది, ఇరవై, ముప్ఫై. అన్నీ వచ్చేశాయి. ఒక్కొక్క టిక్కుతో నా మెడ ఇంకొంచెం వంగుతోంది. ముప్ఫై ఐదు కూడా వచ్చింది.

"ఆఖరిది" అంది నాజీరా రేడియోలో. "బి నలభై నాలుగు పదిహేడు కె. ఉల్లిపాయల లారీ. గేటు మూసే ముందు ఎక్కింది. డ్రైవరు జోమార్ట్, తల్లిని పట్నం కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. ముసలావిడకి టీ ఇచ్చా, చక్కెర ఎక్కువడిగింది."

మా జాబితా పైనించి కిందికి వెతికాను. కిందినించి పైకి వెతికాను. షార్షెన్ బైకే నా చేతిలోంచి లాక్కుని తనూ వెతికాడు.

"రాలేదు" అన్నాడు.

ఎర్మెక్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఆ లారీని నేను చూశా" అన్నాడు, ఎవరితోనో కాదు. "మూడో గ్యాలరీ దగ్గర నా వెనక మెల్లగా వస్తోంది. నేను ఆగలేదు. వెనకాల వస్తాడనుకున్నా." మూడో గ్యాలరీ అంటే కొండచరియ కింద రోడ్డు మీద కట్టిన కాంక్రీటు కప్పు. దాని పైకప్పు పోయినేడే పగిలిందని అక్కడ అందరికీ తెలుసు. ఫిరంగి పేలి మంచు దిగి ఉంటే ఆ కప్పు ఆగేది కాదు.

మర్నాడు తెల్లవారుతూనే, మంచు గట్టిగా ఉండగా, షార్షెన్ బైకే, ఎర్మెక్, ఇంకో ఇద్దరు తాళ్లూ, మంచు మీద లాక్కెళ్లే స్లెడ్జీ తీసుకుని నడిచి దిగారు. నేనూ వస్తానంటే, "ఇప్పటికి నువ్వు చేసింది చాలు" అన్నాడు ఎర్మెక్. తిట్టాడో మెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అది అమ్మ నలభయ్యో రోజు. సొనూన్ ఎజే మిగిలిన పిండిలోంచి ఏడు రొట్టెలకి సరిపడా నాకిచ్చింది. పోయినవాళ్లకి నూనె వాసన అందాలని వేయించే ఏడు రొట్టెలు. వేయించి, ఎవరో ఒక పెద్దాయన ప్రార్థన చదివితే అరచేతులు మొహానికి అద్దుకుని, ముక్కలు చేసి అందరికీ పంచాను. నన్ను పచ్చిగా నమిలేస్తారనుకున్న అరవై మందీ తలా ఒక ముక్క తీసుకున్నారు, అమ్మ పేరేంటని అడిగారు. సొకూలుక్‌లో జిబెక్ ఒక్కతే ఏడుస్తూ ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు. అమ్మ పోయినప్పటినుంచి అంతే, లోపల గడ్డకట్టుకుపోయి ఉంది.

మధ్యాహ్నానికి వచ్చారు. ముందు స్లెడ్జీ మీద దుప్పట్లలో చుట్టిన ముసలావిడ, తాడు లాగుతూ ఎర్మెక్, వెనక మొహం నల్లబడిన నడివయసు మనిషి. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇంజను ఆగిపోయి గ్యాలరీ లోపలే ఉండిపోయారట, రెండు వైపులా మంచు మూసేసిందట. పచ్చి ఉల్లిపాయలు తిని, చలికి సంచులు కప్పుకుని కూర్చున్నారట. ముసలావిడని పొయ్యి పక్కన కూర్చోబెట్టాం. రెండు కళ్లకీ పొర కమ్మింది, ఎటు చూస్తోందో తెలియడం లేదు.

"టీ తాగండి అపా, చక్కెర ఎక్కువే వేశా" అన్నాను గిన్నె అందిస్తూ. అపా అంటే మాకు అమ్మ, ఏ పెద్దావిడనైనా అలాగే పిలుస్తాం.

ఆవిడ గిన్నె తీసుకోలేదు. నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, ఎముకలే, కానీ గట్టి పట్టు.

"నువ్వే కదూ? రేడియోలో, మధ్యలో ఎవరూ లేరని చెప్పింది?"

గదిలో అందరూ మా వైపు చూశారు. అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేదు.

"నేనే, అపా."

"మాకు నీ మాట వినబడుతోంది, మా మాట నీకు వినబడట్లా. ఆ కప్పు కింద అంతేనంట. మావాడు ఆ మాట్లాడే గొట్టం పట్టుకుని, ఉన్నాం, ఉన్నాం, ఇద్దరం ఉన్నాం అని అరిచాడు. చూడు వాడి గొంతు, ఇప్పుడు ఉందా?" జోమార్ట్ తల దించుకున్నాడు. ఏదో అనబోయాడు, గాలి మాత్రమే వచ్చింది. "తర్వాత గొట్టం పక్కన పెట్టేసి, తన కోటు నా తలకింద పెట్టి, కాసేపు పడుకో అమ్మా అన్నాడు. పొద్దున పదిన్నరకి పడుకోమంటే నాకర్థం కాదా? కళ్లు కదా పోయింది, బుర్ర కాదుగా. పోయేముందు చదివే కలిమా చదువుకున్నా."

"అపా, నన్ను—"

"ఆగు, చెప్పనీ. మళ్లీ నువ్వే వచ్చావు. నాకు తెలీదు అన్నావు. ఎవరున్నారో నాకు తెలీదు అని మూడుసార్లు. వీడు నన్ను పట్టుకుని ఊపేశాడు. గొంతు లేదు, గాలితోనే చెప్తున్నాడు, అమ్మా, వాళ్లకి తెలీదంట, తెలీదంటనే అని. పెళ్లినాడు కూడా వీడంత సంతోషపడలేదు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నలభై రోజులుగా గడ్డకట్టింది ఒక్కసారిగా జారింది. పెద్దకూతుళ్లు గుడారంలో ఏడ్చినట్టే, సిగ్గు లేకుండా, గొంతెత్తి ఏడ్చాను. ఎవరో ముక్కూమొహం తెలియని తల్లి ఒళ్లో తల పెట్టి. ఆవిడ మణికట్టు వదల్లేదు. రెండో చేత్తో టీ తాగింది.

ఏడుపు తగ్గాక అడిగింది: "ఆ డబ్బా ఏమైంది మరి? బాగు చేశావా?"

"చేశా అపా. రాత్రి కూర్చుని చేశా. ఇప్పుడు సరిగ్గా చెప్తోంది."

"ఏం చెప్తోంది?"

"మధ్యలో ఒకటుందని."

"ఒకటా?" అంది ముసలావిడ. "ఇద్దరం కదే."